పిలుపుల గేటు

మధ్యాహ్నం రెండింటికి గని సైరను, అదే సంగు, కూయడానికి పావుగంట ముందే ఆదిలక్ష్మమ్మ గేటు దగ్గరుండేది. ఎండయినా వానయినా, జ్వరమొచ్చినా చుట్టాలొచ్చినా, మూడేళ్ళలో ఆమె ఒక్క రోజు తప్పలేదు. తప్పడానికి వీల్లేదు కూడా. ఆమె వచ్చి పిలవకపోతే ఆమె మొగుడు ఇంటికి రాడు.

ఇదేదో మొగుడూపెళ్ళాల అలకల వ్యవహారం అనుకునేరు. కాదు. కోలారు బంగారు గనుల్లో భూమిలోకి దిగే పాత షాఫ్టుకి ఎదురుగా పెద్ద రేకుల షెడ్డుంది, దానికి ముందు ఇనుప జాలీ గేటు. పొద్దున ఆరింటికి గనిలోకి దిగిన షిఫ్టు రెండింటికి కేజులో, అంటే ఇనుప లిఫ్టులో, పైకొచ్చాక, మగవాళ్ళు వరసగా ఆ షెడ్డులో బెంచీల మీద కూర్చుంటారు. హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తెరుచుకునే కూర్చుంటారు. ఆ కళ్ళలో మాత్రం ఎవరూ ఉండరు. ఈగ వాలినా రెప్ప వేయరు. బయట ఆడవాళ్ళు వరసలో నిలబడి, ఒక్కొక్కరే జాలీ దగ్గరికెళ్ళి తమ మనిషిని పిలుస్తారు. పిలుపు అందగానే లోపల ఒకడు ఉలిక్కిపడి, మొహం తుడుచుకుని, తనెవరో గుర్తొచ్చి లేచి వస్తాడు. మొదటి వారం ఈ వింత చూడ్డానికి పక్కనున్న రాబర్ట్‌సన్‌పేట సగం కదిలొచ్చింది. రెండో వారానికి శనక్కాయల బండివాడు తప్ప ఎవరూ లేరు. మనుషులు దేనికైనా అలవాటు పడతారు. మరీ ఇంత తొందరగా పడతారే, అదే నాకు ఒళ్ళు మండే సంగతి.

పాత గని మూతపడి నలభై ఏళ్ళు దాటింది. ఆ నలభై ఏళ్ళూ గని కూలీల కోసం వరసగా కట్టిన లైను ఇళ్ళ మగవాళ్ళు కోడి కూయకముందే లేచి, మారికుప్పంలో రైలెక్కి, బెంగళూరు పోయి కూలో నాలో చేసుకుని, పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరేవాళ్ళు. ఆదిలక్ష్మమ్మ మొగుడు పెద్ద పెద్ద బిల్డింగులకు రంగులేసేవాడు. తిరిగొచ్చేటప్పుడు బంగారుపేట స్టేషన్లో ఆమెకో మూర మల్లెపూలు కొనేవాడు. అవి ఇల్లు చేరేసరికి వాడిపోయేవి. అయినా పెట్టుకునేది. రోజంతా రైల్లో విన్న కబుర్లన్నీ ఆయన అన్నం తింటూ చెప్తుంటే, నిద్ర ఆపుకుంటూ వినేది.

అలాంటప్పుడు కొత్త కంపెనీ వచ్చి గని మళ్ళీ తెరుస్తామంది. ఊళ్ళోనే పని! లైను ఇళ్ళలో పాయసాలు వండుకున్నారు. తీరా దిగే రోజొచ్చేసరికి వెనకాడారు. భూమిలోకి మూడు కిలోమీటర్లు దిగాలి. అక్కడ రాయి తాకితే చెయ్యి కాలుతుంది. ఉన్నట్టుండి బండ పేలుతుంది, దాన్నే మావాళ్ళు బరస్టు అంటారు. తాతో ముత్తాతో బరస్టులో పోని ఇల్లు లేదక్కడ.

అప్పుడు కంపెనీ పట్టీ తెచ్చింది. చెవి వెనక అంటించే గోరంత పట్టీ. అది అంటిస్తే భయం వేయదు, ఇల్లు గుర్తుండదు, ఆకలి దప్పులు తెలియవు, చేతులు మాత్రం పని చేస్తాయి. కంపెనీవాళ్ళు దాన్ని ఏకాగ్రత పట్టీ అన్నారు. లైను ఇళ్ళవాళ్ళు తాళం అన్నారు. పేరు పెట్టడం చదువుకున్నవాళ్ళకంటే మావాళ్ళకే బాగా తెలుసు.

తాళం వేయడం సులువే. తీయడం మాత్రం అప్పట్లో మిషను వల్ల కాలేదు. ఇంటి మనిషి ఎదురుగా నిలబడి, రోజూ పిలిచే పిలుపుతో పిలిస్తేనే అది తెరుచుకునేది. ఆ పిలుపు ఏమిటో మొదటి రోజే రాయించాలి.

రాయించుకునే ఆఫీసరు శ్రీకంఠయ్య. రాబర్ట్‌సన్‌పేట బజారులో బియ్యం అంగడి వాళ్ళబ్బాయి, తెలుగు బాగా వచ్చు. కుర్చీలో ఆదిలక్ష్మమ్మ మొగుణ్ణి కూర్చోబెట్టి, చెవి వెనక పట్టీ అంటించి, ఆమె ముందు మైకు పెట్టాడు.

"మీ ఇంటాయన్ని ఏమని పిలుస్తారో అట్లనే పిలవండమ్మా. ఇంగ దినామూ అదే పిలుపు."

ఆదిలక్ష్మమ్మ తల వంచుకుంది.

ఆమె నంగలి పక్క పల్లెలో అవ్వ గంగులమ్మ చేతిలో పెరిగిన పిల్ల. మొగుడి పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని ఆ అవ్వ నూరిపోసింది. ఈ కాలంలో కూడానా అని మీరు నవ్వొచ్చు. పక్క లైనులో ఆడవాళ్ళు మొగుళ్ళను పేర్లు పెట్టి పిలవడమే కాదు, తిట్టడం కూడా పేర్లు పెట్టే తిట్టేవాళ్ళు. ఆదిలక్ష్మమ్మకు మాత్రం నాలుక తిరగలేదు. ఆయనకు దేవుడి పేరు పెట్టారు కదా, గుడికెళితే ఆ దేవుణ్ణి కూడా పేరుతో తలుచుకునేది కాదు. "మా ఆయన పేరు సామీ, చల్లగా చూడు" అనేది. పెళ్ళయిన కొత్తలో "ఇదో" అని పిలిచింది, బిడ్డ పుట్టాక ఆ బిడ్డ పేరు కలిపి పిలిచింది. బిడ్డకు అవ్వ పేరే పెట్టుకున్నారు, ముద్దుగా గంగు అంటారు.

"ఆదీ, నా పేరు చెప్తే నీ పండ్లు రాలిపోతాయా? చెప్పే ఒగసారి" అన్నాడు మొగుడు కుర్చీలోంచి నవ్వుతూ. ఆఫీసరుకి కనబడకుండా కన్ను కూడా గీటాడు.

ఆమె మైకు దగ్గరికి వంగి, "గంగు నాయనా" అంది.

మిషను మీద పచ్చదీపం వెలిగింది. ఆయన కన్ను గీటడం ఆమె చూసింది అదే ఆఖరుసారి.

మొదటి నెలల్లో ఆమెకు ఏమీ తేడా తెలియలేదు. మధ్యాహ్నానికే మనిషి ఇంట్లో ఉంటున్నాడన్న సంబరంలో ఉంది. నాలుగింటికి బడి దగ్గరికెళ్ళి గంగుని తీసుకొచ్చేవాడు, లెక్కలు చేయించేవాడు, జడలు కూడా వేసేవాడు. అలాంటి తండ్రి ఆ లైనులోనే లేడని అందరూ మెచ్చుకున్నారు. ఆదిలక్ష్మమ్మ కూడా మెచ్చుకుంది. అయితే ఆయన ఆమెను "ఆదీ" అనడం మానేశాడు. "గంగు వాళ్ళమ్మా, నీళ్ళు తెస్తావా" అనేవాడు మర్యాదగా, పక్కింటి మనిషిని అడిగినట్టు. బిడ్డకు అటు ఆయన, ఇటు ఈమె పడుకునేవాళ్ళు. ఒకరోజు తలలో మల్లెపూలు పెట్టుకుని ఎదురుగా నిలబడింది. చూసి, "గంగుకి కూడా తెచ్చింటే బాగుండు" అన్నాడు. ఇంకోరోజు ఆమె మెడ మీద కాలిన మచ్చ చూసి, "ఇది ఎప్పుడు కాలింది?" అని అడిగాడు. పెళ్ళయిన ఆర్నెల్లకు ఆయనే దోసె పోయబోయి కాల్చిన మచ్చ అది. ఆ రోజు ఆమెకంటే ఆయనే ఎక్కువ ఏడ్చాడు.

ఆమె ఇంట్లోనే ఉన్న మొగుడి కోసం బెంగపెట్టుకుంది. ఊరెళ్ళినవాడి కోసమైతే నలుగురికీ చెప్పుకోవచ్చు. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నవాడి మీద బెంగ ఎవరికి చెప్పుకుంటుంది?

ఏడాది ఓపికపట్టి శ్రీకంఠయ్య దగ్గరికెళ్ళింది. ఆయన చెడ్డవాడేం కాదు. ఓపిగ్గా చెప్పాడు.

"పిలుపు ఎంత దూరం పోతే మనిషి అంత దూరమే వస్తాడమ్మా. మీరు గంగు నాయన్ని పిలుస్తాండారు, గంగు నాయన వస్తాండాడు. మిగతాది లోపలే ఉండాది, యాడికీ పోలేదు."

"అయితే మార్చండి సారూ. పేరే చెప్తాను. ఎట్లనో చెప్తాను."

"మార్చేకి లేదమ్మా. మీ ఆయన లీవు అడగడు, తాగడు, యూనియన్ అనడు. అట్లాంటి వర్కర్ని కంపెనీ ఎందుకు మారుస్తాది?"

అది అక్కడితో ఆగినా బాగుండేది. రెండో ఏడు లోపల బరస్టు అయింది. హనుమంతప్ప అనే ఆయన బండ కింద పడి చనిపోయాడు. పక్కనున్నవాళ్ళకు తాళం ఉంది కాబట్టి ఏమీ అనిపించలేదు, బండ పక్కకి జరిపి పని సాగించారు. పైకొచ్చి, పేరు పెట్టి పిలిపించుకున్నవాళ్ళకు మాత్రం అంతా ఒక్కసారిగా గుర్తొచ్చి, షెడ్డులోనే నేల మీద పడి ఏడ్చారు. మర్నాడు దిగమన్నారు. పిల్లల పేర్లతో పిలిపించుకునే నలుగురైదుగురు మాత్రం ఏమీ కానట్టు దిగారు. బిడ్డకు అన్నం పెట్టాలి, దిగాలి, అంతే.

కంపెనీ అది గమనించింది. రెండు నెలల్లో ప్రతి ఇంటి పిలుపూ మార్చేశారు. "మీ పిలుపే మాకు దారి చూపించిందమ్మా" అని శ్రీకంఠయ్య మెప్పుకోలుగా అన్నప్పుడు ఆదిలక్ష్మమ్మకు తల కొట్టేసినట్టయింది.

పక్కింటి గురువమ్మ అంతకుముందు గేటు దద్దరిల్లేలా "రేయ్ ఆవులప్పా, రారా బయటికి!" అని కేక పెట్టేది. ఆవులప్ప బూతులు తిట్టుకుంటూ నవ్వుకుంటూ వచ్చేవాడు. ఇప్పుడామె కొడుకు పేరుతో "శీనుగాని నాయనా" అంటే తల వంచుకుని వచ్చి వెనకాలే నడుస్తున్నాడు. ఒకరోజు వరసలో నిలబడి గురువమ్మ, కోపంగా కూడా కాదు, ఊరికే అంది.

"నీ సిగ్గు మా కొంపల్లోకీ వచ్చిండాది గదే ఆదిలక్ష్మీ."

ఆ మాట ఆమెకు అన్నం సహించనివ్వలేదు.

మూడో ఏడు ముగుస్తుండగా కంపెనీ కొత్త కబురు చెప్పింది. పిలుపు నేర్చుకునే మిషను వచ్చిందట. నెలాఖరు రోజున ఆడవాళ్ళు ఆఖరుసారి వచ్చి మైకులో పిలిస్తే, ఆ గొంతూ ఆ పిలుపూ మిషను పట్టేసుకుంటుంది. మర్నాటి నుంచి రోజూ అదే పిలుస్తుంది, ఎవరూ గేటుకి రానక్కర్లేదు. ఎండలో నిలబడే బాధ తప్పిందని చాలామంది సంతోషించారు.

ఆదిలక్ష్మమ్మ మాత్రం ఆ రాత్రికి ఒక నిర్ణయానికొచ్చింది. ఆఖరు రోజు ఏ పిలుపుకి మనిషి తెరుచుకుంటే మిషను దాన్నే జీవితాంతం పిలుస్తుంది. రాయించిన పిలుపు కాకపోయినా, ఇంటి మనిషి గొంతుతో సొంత పేరు వినబడితే తాళం తెరుచుకుంటుందని వరసలో అనుకునేవాళ్ళు, కంపెనీకి భయపడే ఎవరూ అలా పిలవలేదు. అయితే ఆ రోజు పేరు పెట్టే పిలవాలి. ముందురోజు ఒకసారి పిలిచి చూసుకోవాలి, నోరు పెగులుతుందో లేదో, తాళం తెరుచుకుంటుందో లేదో. కంపెనీ కోప్పడి పని తీసేస్తే తీసేయనీ. ఇల్లు ఖాళీ చేయమంటే చేద్దాం. మారికుప్పంలో రైలు ఇంకా నడుస్తూనే ఉంది కదా.

వారం రోజులు వంటింట్లో మిక్సీ వేసుకుని ఆ చప్పుడులో పేరు పలకడం నేర్చుకుంది. మొదటి అక్షరం దాటేసరికి చెవులు ఎర్రబడేవి. బిడ్డ చూస్తుందేమోనని వెనక్కి తిరిగి చూసుకునేది. ముప్పై ఎనిమిదేళ్ళ ఆడది, దొంగతనం చేస్తున్నట్టు. నేను కూడా ఇంతవరకూ ఆ పేరు చెప్పలేదు, గమనించారో లేదో. ఆమె చెప్పకుండా నేను చెప్పడం బాగుండదని ఆగాను.

ఆ పేరు ఆయనకు వినబడేలా ఆమె నోట ఇంతకుముందు ఒకే ఒక్కసారి వచ్చింది. పెళ్ళయి అత్తగారింట అడుగుపెట్టే వేళ, ఆడబిడ్డ గడపకి అడ్డంగా చేతులు చాచి నిలబడి, ఇద్దరూ పేర్లు చెప్తేనే దారి వదులుతానంది. అది అందరిళ్ళలో ఉన్న వేడుకే. ఆయన టక్కున "ఆదిలక్ష్మి" అనేశాడు. ఈమె చెమటలు కారుతుంటే, వెనక నుంచి చుట్టాలంతా తోస్తుంటే, ఎప్పటికో గొంతులో గొంతుగా చెప్పింది. వినబడలేదని ఆడబిడ్డ మళ్ళీ చెప్పించబోతే ఆయనే, "నాకు వినబడిందిలే అక్కా" అని అడ్డం పడ్డాడు.

నెలాఖరుకి ముందురోజు, రెండింటికి, తన వంతు వచ్చినప్పుడు ఆదిలక్ష్మమ్మ జాలీ రెండు చేతులా పట్టుకుంది. లోపల మూడో బెంచీ మీద ఆయన, ఒళ్ళో హెల్మెట్, మొహమంతా రాతిపొడి. ఆమె కళ్ళు మూసుకుని పిలిచింది.

"రామాంజినప్పా!"

గురువమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

బెంచీ మీద రామాంజినప్ప ఉలిక్కిపడ్డాడు. రెప్పలాడించాడు. జాలీ అవతల ఆమెను చూసి మెల్లగా నవ్వాడు. మూడేళ్ళుగా ఆమె కలలో తప్ప చూడని నవ్వు అది. లేచి వచ్చి గేటు దగ్గర ఆగి, ఆమె చెవి దగ్గరికి వంగి అన్నాడు.

"ఇంత మెల్లిగా చెప్తే మా అక్క దారి ఇడుస్తాదా? ఇంగొగసారి చెప్పు ఆదీ."

ఆదీ అన్నాడు. ఆమెకు ఇంకేమీ వినబడలేదు. ఆయన గేటు కిందున్న ఇనుప పట్టాని గడపని దాటినట్టు కుడికాలు ముందు పెట్టి జాగ్రత్తగా దాటడం చూసింది కూడా. చూసినా మనసు దాన్ని పట్టించుకోలేదు. సంతోషంలో ఉన్న మనిషికి అన్నీ కనబడతాయి, ఏదీ అర్థం కాదు.

శ్రీకంఠయ్య పరుగెత్తుకొచ్చాడు. రామాంజినప్పని ఒకసారి పరకాయించి చూసి, ఆమెను పక్కకు పిలిచాడు.

"ఏం పని చేసినారమ్మా. సరే, ఈ పొద్దుకి నేను ఏమీ చూడలేదు. ఈ పూటకి ఇంగ మార్చేకి కాదు, రేపు దిగి పైకొచ్చినాకనే. రేపు బాగా ఆలోచించి పిలవండి. రేపటి పిలుపు ఇంగ మారదు."

ఇంటిదాకా ఆయన ఆమె చెయ్యి వదల్లేదు. వీధిలో అందరూ చూస్తున్నారని ఆమె లాక్కోబోతే మరింత గట్టిగా పట్టుకున్నాడు. "ఇది యాడ? మన లైను గాదే" అన్నాడు. "ఇక్కడే ఇల్లు తీసుకున్నాం" అంది. "అప్పుడే వేరు కాపురమా? మా అమ్మ ఏమంటాదో" అని పగలబడి నవ్వాడు. ఇంటికొచ్చాక ఆమె తల వైపు చూసి, "ఏమే, పొద్దున నల్లగా ఉన్నింది కదా నీ తల, ఈ తెలుపేమి?" అన్నాడు.

అప్పుడు ఆమెకు తెలిసింది. పిలుపు ఎంత దూరం పోతే మనిషి అంత దూరమే. ఆమె గొంతులో ఆ పేరు ఆయన విన్నది ఒక్క రోజే, పెళ్ళినాడు గడప దగ్గర. ఆ రోజు మనిషే వచ్చాడు.

"తలంబ్రాల పిండి" అంది.

ఆయన నమ్మాడు. కొంగు తీసుకుని దులపబోయాడు. ఆ చేతి కింద ఆమె కదలకుండా కూర్చుంది. గోడకున్న అద్దాన్ని తర్వాత తిప్పి పెట్టింది, ఆయన మొహం ఆయన చూసుకోకుండా.

నాలుగున్నరకి గంగు ఒక్కతే వచ్చింది. రోజూ నాయన బడి దగ్గరికి వస్తాడు, ఈ రోజు రాలేదు. మూతి ముడుచుకుని లోపలికొచ్చి, సంచీ ఆయన ఒళ్ళో పడేసింది.

"ఎంతసేపు చూసినాను నాయనా! ఎందుకు రాలే?"

రామాంజినప్ప ఆ సంచీ కింద పడకుండా పట్టుకుని, కొత్త చుట్టాలతో మాట్లాడినట్టు ఆప్యాయంగా అడిగాడు. "ఎవురు పాపా నువ్వు? పెండ్లికొచ్చినావా? ఎవురి కూతురివి?"

గంగు మొదట నవ్వింది. ఆయన మొహం చూసి నవ్వు ఆపింది. తల్లి వైపు తిరిగింది.

ఆదిలక్ష్మమ్మ బిడ్డను పెరట్లోకి తీసుకెళ్ళి, కుళాయి దగ్గర కూర్చోబెట్టి అంతా చెప్పింది. దాచడానికి ఏముంది, పన్నెండేళ్ళ పిల్ల, గేటు దగ్గరే పెరిగింది. గంగు చాలాసేపు కుళాయి తిప్పుతూ కట్టేస్తూ కూర్చుంది.

"ఆయన నీతో నవ్వుతాండాడు కదా" అంది చివరికి. "నేను యాపొద్దూ చూడలే."

"రైలు దిగొచ్చేసరికి నువ్వు నిద్రపోయేదానివి, అప్పుడు నవ్వేవాడే."

"రేపు గూడా పేరే పిలువమ్మా. నాకు నువ్వుండావు కదా. నీకు ఎవురుండారు?"

ఆ మాటకు ఆదిలక్ష్మమ్మ బిడ్డను పట్టుకుని ఏడ్చింది. గంగు మాత్రం ఏడవలేదు. లెక్కలు చేసుకోవాలని పుస్తకాలు తీసుకుని గురువమ్మ ఇంటికి పోయింది. పోతూ పోతూ వాకిట్లో ఆయన పక్క నుంచి, దూరంగా జరిగి వెళ్ళింది.

పొద్దు గూకుతుండగా ఇద్దరూ ఇంటి మెట్టు మీద కూర్చున్నారు. ఎదురుగా పాత గని మట్టి దిబ్బలు ఎర్రబడుతున్నాయి. ఆయన భుజం ఆమె భుజానికి ఆనింది. ఈ ఒక్కదానికోసం ఆమె మూడేళ్ళు అల్లాడింది. గని తెరిచారని చెప్తే సంబరపడ్డాడు. తన తాత దిగిన షాఫ్టులో తానూ దిగుతానన్నాడు. రేపు పొద్దున్నే పోవాలంటే "నువ్వు చెప్తే పోతాను" అన్నాడు. కాసేపు రైలు గురించి, రంగుల పని గురించి మాట్లాడి, ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు.

"ఆదీ, నాకు మొదట ఆడబిడ్డే కావల్ల."

ఆమె పక్కింటి కిటికీ వైపు చూసింది.

"మా ఇంట్లో అంతా మగపిల్లోళ్ళు అంటారు, నువ్వు ఇనద్దు. నాకు కూతురే కావల్ల. నిన్ను పెంచింది మీ అవ్వ కదా, ఆమె పేరే పెడదాం. గంగులమ్మ. మనం గంగూ అని పిల్చుకోవచ్చు. నేనే ఇస్కూలుకి తీసుకుపోతాను, నేనే తీసుకొస్తాను. జడలు గూడా నేనే ఏస్తాను, నేర్చుకుంటాను. నవ్వద్దు!"

ఆమె నవ్వడం లేదు. పక్కింటి కిటికీలో దీపం కింద గంగు తల వంచుకుని లెక్కలు చేస్తోంది. ఆయన అటే చూస్తున్నాడు గానీ ఆయనకు అక్కడ ఎవరి పిల్లో కనబడుతోంది.

"ఏమే, ఊ అనవా?"

"ఊ" అంది.

"రేపు గూడా పేరు పెట్టే పిలుస్తావా? నీ నోట బాగుంది నా పేరు."

"పిలుస్తాలే" అంది ఆదిలక్ష్మమ్మ.

మర్నాడు గంగు బడి మానేసి తల్లితో గేటుకి వచ్చింది. ఆ రోజు జాలీ ముందు మైకు పెట్టారు. ఒక్కో ఆడమనిషి వచ్చి పిలవడం, పచ్చదీపం వెలగడం, మొగుడితో వెళ్ళిపోవడం. సంతబేరంలా చకచకా సాగిపోతోంది. గురువమ్మ పిలిచి, ఆవులప్పను వెంటబెట్టుకుని, వెళ్ళకుండా శనక్కాయల బండి దగ్గర ఆగింది, ఆదిలక్ష్మమ్మ ఏమంటుందో విందామని. వరసలో ఇంకా వంతు రాని పదిమంది కూడా ఆమె వైపే చూస్తున్నారు. ఒక్కరు పేరు పెట్టి పిలిస్తే, తమకూ ధైర్యం వస్తుందేమోనని కాబోలు.

మూడో బెంచీ మీద ఆయన ఖాళీగా కూర్చున్నాడు. నిన్నటి పెళ్ళికొడుకూ కాకుండా, గంగు నాయనా కాకుండా.

"పేరు చెప్పమ్మా" అంది గంగు మెల్లగా, తల్లి కొంగు పట్టుకుని. "నిజ్జంగా. నేనేమీ అనుకోను."

ఆదిలక్ష్మమ్మ ఆయన్ని కళ్ళారా చూసింది. నిన్న దులిపిన చేతుల్ని, ఆనిన భుజాన్ని చూసింది. ఆ మనిషి కోరిందల్లా ఒక్కటే, అది ఇప్పుడు ఆమె కొంగు పట్టుకుని నిలబడి ఉంది. ఆ కోరిక తీరిన మనిషిని పంపేసి, కోరుకుంటున్నవాణ్ణి దగ్గరుంచుకోవడం ఆమెకు చేతకాలేదు.

మైకు దగ్గరికి వంగింది.

"గంగు నాయనా!"

పచ్చదీపం వెలిగింది. శ్రీకంఠయ్య తల పంకించి ఏదో నొక్కాడు. గురువమ్మ ఆవులప్ప చెయ్యి పట్టుకుని తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

ఆయన లేచాడు. ఆమెను దాటి, వెనకున్న పిల్లను వెతికింది చూపు. "గంగూ! ఈ పొద్దు ఇస్కూలుకి పోలేదేమి? జొరమా?" అంటూ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. గంగు ఒక్కసారిగా ఆయన నడుము చుట్టేసుకుని, నిన్నటి ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. ఆయన కంగారుపడి వీపు నిమిరాడు. ఇద్దరూ ముందు నడిచారు. పదడుగులు పోయాక ఆయన వెనక్కి తిరిగాడు.

"గంగు వాళ్ళమ్మా, ఇంగా అక్కడే నిలబడుకున్నావేమి? ఇంగ నువ్వు గేటుకి వచ్చే పని లేదంట కదా. పోదాం రా."

"వస్తాండా" అంది ఆమె.

ఇప్పుడు గేటు దగ్గర ఎవరూ ఉండరు. శనక్కాయల బండి కూడా బస్టాండుకి మారింది. రెండింటికి సంగు ఆగగానే షెడ్డు మీది స్పీకర్లోంచి ఒక్కో ఆడగొంతే లైను ఇళ్ళదాకా వినబడుతుంది, వరసగా, రోజూ ఒకేలా. తన గొంతు వచ్చే దాకా ఆదిలక్ష్మమ్మ పొయ్యి దగ్గర చేతిలో పని ఆపి నిలబడుతుంది. అది పిలిచి ఊరుకున్నాక ఆమె కూడా పిలుస్తుంది, మిక్సీ వేయకుండా, గట్టిగానే, పేరు పెట్టి. రెండు మూడుసార్లు పిలుస్తుంది. ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి సిగ్గేమీ లేదు. ఆయన ఇల్లు చేరేసరికి కంచంలో అన్నం వడ్డించి ఉంటుంది.